కాలవ నీళ్లు తూచిన ఏడాది

కుడికంటి చూపు మందగించడంతో, యాభై నిండిన మరుసటి ఏడాదే ఉద్యోగం వదులుకున్నాను. వీడ్కోలు సభలో నాకు శాలువా కప్పారు. మాట్లాడినవాళ్లలో ఒకాయన నావైపు చెయ్యి చూపించి, "తెనాలి కాలవలకు నీళ్లు వదిలితే అక్కడ భూమి లాగే బలం పెరుగుతుందని లోకానికి చూపించింది ఈయనే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో వరసలో కూర్చున్న ఒకతను మిగతావాళ్లు ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నాడు. నేను లేచి నమస్కారం పెట్టి, శాలువా సర్దుకుని కూర్చున్నాను.

ఆయన చెప్పింది నిజం కాదు. చూపించింది ఆ మూడో వరసలోని మనిషి. అతని అంకె తప్పని రాసి, అతని ఉద్యోగం మీదికి తెచ్చినవాణ్ణి నేను.

మా సర్వే శాఖలో కొత్తగా చేరుతున్న మీలాంటి వాళ్లకు ఈ సంగతి తెలియాలి. పేర్లు రాయను. తన పేరు రాయొద్దని అతను మాట తీసుకున్నాడు. అతనిది మానేసి మిగతావాళ్లవి రాయడం బాగుండదు.

పందొమ్మిదివందల అరవైల చివరికి మా హైదరాబాదు ఆఫీసు గోడ మీదికి ఒక కొత్త పటం వచ్చింది. ఉపగ్రహం భూమి చుట్టూ తిరిగే దారి మనం అనుకున్నంత నున్నగా ఉండదు. కింద లాగుడు ఎక్కువైన చోట కాస్త వంగుతుంది, తక్కువైన చోట కాస్త సడలుతుంది. ఆ వంకరలను ఏళ్ల తరబడి గమనించి, భూమి ఎక్కడ ఎంత గట్టిగా లాగుతోందో లెక్కగట్టి గీసిన పటం అది. మన దేశానికి దక్షిణాన సముద్రంలో పెద్ద గుంట పడ్డట్టు ఉండేది అందులో. పైనుంచి చూసి గీసిన పటం కింద నేల మీది కొలతలతో ఎంతవరకు సరిపోతుందో చూడాలి కదా. కృష్ణా డెల్టా ముక్క మా పార్టీ వంతుకు వచ్చింది. తెనాలి, రేపల్లె, బాపట్ల. పార్టీ అంటే ముగ్గురం: పరికరం చదివే నేను, జీపు డ్రైవరు, ఒక కంప్యూటరు.

కంప్యూటరంటే యంత్రం కాదు. ఆ రోజుల్లో లెక్కలు కట్టే మనిషికి మా శాఖ ఇచ్చిన హోదా అది. మా కంప్యూటరు కొలకలూరు మనిషి, లూథరన్ క్రైస్తవ కుటుంబం, సొంత భూమి లేదు, అక్క ఊళ్లోనే మిషన్ బళ్లో టీచరు. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను "అన్నయ్యా" అనేవాడు. అతనిది తాత్కాలిక ఉద్యోగం. పని సంతృప్తిగా ఉందని నేను సంతకం పెడితేనే ఏటా మరో ఏడాదికి పొడిగించేవాళ్లు. మాది అమృతలూరు. సాగుభూమి ఉన్న ఇల్లు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

పరికరం పేరు గ్రావిమీటరు. పెద్ద ఫ్లాస్కులా ఉంటుంది. లోపల స్ప్రింగుకు ఒక చిన్న బరువు వేలాడుతుంటుంది. భూమి గట్టిగా లాగితే స్ప్రింగు సాగుతుంది. పైనున్న గొట్టంలోంచి చూస్తూ డయలు తిప్పి, వెలుగు గీతను దాని చోటికి తెచ్చి, అంకె చదువుకోవాలి. డయలు మీద ఒక చిన్న గడి అంటే, మనిషి బరువుతో పోలిస్తే ఒక చెమటబొట్టు కూడా కాదు. కుదుపు తగిలితే రోజంతా పాడు. అందుకని జీపులో దాన్ని దిండు వేసి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

మా జీపు డ్రైవరుది వేమూరు, నాకంటే పెద్దవాడు. బాబాయ్ అని పిలిచేవాళ్లం. "మా ఆవిడ్ని తొలికాన్పుకి పుట్టింటికి తీసుకెళ్లినప్పుడు కూడా బండి ఇంత మెల్లగా తోలలేదండి. ఈ డబ్బాకి ఎప్పుడండి పురుడు?" అనేవాడు.

మీకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి డ్రిఫ్టు. స్ప్రింగు రోజు గడిచేకొద్దీ తనంతట తాను కాస్త సాగుతుంది. దాన్నే డ్రిఫ్టు అంటాం. అందుకే పొద్దున ఒక రాయి మీద చదివి, ఊళ్లన్నీ తిరిగి, సాయంత్రం మళ్లీ అదే రాయి మీద చదువుతాం. పొద్దుటికీ సాయంత్రానికీ ఉన్న తేడా డ్రిఫ్టు. దాన్ని పంచి తీసేస్తాం. మాకు అర్థం కాని తేడా ఏదొచ్చినా దాన్ని కూడా డ్రిఫ్టు కింద జమకట్టి తీసేయడం మావాళ్లకు అలవాటైపోయింది.

రెండోది ఫీల్డు పుస్తకం. అందులో రాసిన అంకెను రబ్బరుతో చెరపకూడదు, దిద్దకూడదు. తప్పనిపిస్తే దాని మీద అడ్డంగా ఒకే ఒక గీత గీసి, పైన సరైనది రాసి, సంతకం పెట్టాలి. కింది అంకె కనబడుతూ ఉండాలి. నాకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు: "నీకు తప్పనిపించింది రేపు ఒప్పు కావచ్చు."

మొదటి వేసవిలో మూడు ఊళ్లలోనూ కదలని రాయి ఒక్కొక్కటి ఎంచుకుని, ఉలితో బాణం గుర్తు కొట్టించాం. తెనాలిలో కాలవ పక్కనున్న ప్రయాణికుల బంగళా వరండా రాయి. రేపల్లెలో రైలు పట్టాలు ఆగిపోయే చోట పాత గోడౌను అరుగు. బాపట్లలో ఇసకదిబ్బ మీదున్న ఒక బడి మెట్టు. పొద్దున్నే తెనాలిలో చదివి బాపట్ల వెళ్లి రావడం, మర్నాడు రేపల్లె వెళ్లి రావడం. కాలవలు కట్టేసిన రోజులవి. నేల నెర్రెలిచ్చి ఉండేది. తెనాలికీ బాపట్లకూ మధ్య లాగుడులో ఎంత తేడా వచ్చిందో, వేసవి పొడుగునా ఆ అంకె కదల్లేదు. దాన్ని చూసుకుని నాకు గర్వంగా ఉండేది.

ఎండకి బ్యాటరీ వేడెక్కి రేపల్లె అంకెలు కొన్ని పాడయ్యాయని, పరికరాన్ని మరమ్మతు చేయించి వానల్లో మళ్లీ పంపించారు. ఆరు రోజులు తిరిగాక, బంగళా వరండాలో కంప్యూటరు పుస్తకం పట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"అన్నయ్యా, తెనాలి పెరిగిందండి."

"ఏంటి పెరిగేది?"

"లాగుడండి. బాపట్లతో చూస్తే వేసవిలో ఉన్నదాని కంటే నాలుగు గళ్లు ఎక్కువొస్తంది. ఆరు రోజులూ అంతే."

"స్ప్రింగు సాగుంటదయ్యా. మొన్నేగా మరమ్మతు చేసింది. డ్రిఫ్టులో కలిపెయ్."

"డ్రిఫ్టు తీసేశాకే నాలుగండి. స్ప్రింగు సాగితే బాపట్లలోనూ సాగాలి కదండి. తెనాలి రాగానే సాగి, బాపట్ల పోగానే ముడుచుకుపోద్దా?"

డ్రైవరు జీపు తుడుస్తూ కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

అతను ఇంకా చెప్పాడు. "మా ఇంటి బావికి వేసవిలో పది మూరల చాంతాడు కావాలండి. కాలవ వదిలి, చేలన్నీ మునిగాక, శ్రావణమాసానికి నాలుగు మూరలు చాలుద్ది. ఆరు మూరల మేర నేలంతా నీళ్లు తాగి కూర్చుందన్నమాట. మన రాయి కింద కూడా అంతేగా. నీళ్లకి బరువుండదా అన్నయ్యా? బరువుంటే లాగదా? బాపట్ల బడి ఇసకదిబ్బ మీదుంది, అక్కడికి కాలవ రాదు. అందుకే అది కదల్లేదు."

అతను చెప్పింది అక్షరాలా నిజం. పదేళ్ల పిల్లవాడికి చెప్పినా అర్థమవుతుంది. నాకూ అర్థమైంది. అయితే అంత చిన్న తేడా మా డబ్బాకు అందుతుందని ఒప్పుకుంటే, నేను డ్రిఫ్టని ఏళ్ల తరబడి తీసిపారేసిన తేడాల సంగతేంటి? పైగా నివేదిక వారంలో పంపాలి. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"మడిలో కాలు పెట్టి ఎరగనోడివి, నీళ్ల సంగతి నాకు చెబుతావేంటయ్యా?"

అతను నా మొహంలోకి ఒక్కసారి చూసి, పుస్తకం బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నేను కలం తీసి అతని అంకె మీద గీత గీసి, పైన వేసవి అంకె రాసి, సంతకం పెట్టాను. పక్కన "లెక్క కట్టినవారి పొరపాటు" అని రాశాను. ఆ ఏడాది సంతృప్తి సంతకం పెట్టలేదు.

నెల తిరక్కుండానే అతనికి మెమో వచ్చింది. హైదరాబాదుకు వచ్చి పాత పట్టికలకు నకళ్లు రాయాలి. పొడిగింపు సంగతి వచ్చే ఆగస్టు ఆఖరున తేలుస్తారు. తెనాలి స్టేషన్లో బండి ఎక్కించడానికి వెళ్లాను. పెట్టె లోపల పెట్టుకుని, కిటికీలోంచి అన్నాడు:

"గీత సన్నగా గీశారు అన్నయ్యా. కింద అంకె కనపడతంది. థాంక్సండి."

వెటకారమేమోనని మొహం చూశాను. కాదు.

తర్వాతి వేసవిలో మిగిలిన పని పూర్తిచేయడానికి డ్రైవరూ నేనూ మళ్లీ వచ్చాం. కొత్త కంప్యూటర్ని ఇవ్వలేదు, లెక్కలు నేనే కట్టుకున్నాను. తెనాలి, బాపట్ల, తెనాలి. తేడా మొదటి వేసవి అంకెకు వచ్చేసింది. నాలుగు గళ్లూ మాయం. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ మర్నాడు మళ్లీ. నాలుగూ లేవు. కాలవలు ఎండి ఉన్నాయి, బంగళా బావిలో బొక్కెన గులకరాళ్ల మీద కొట్టుకుంటోంది.

"ఏంటి బాబుగారూ, డబ్బా అలిగిందా? మూడ్రోజుల్నుంచి దాని చుట్టూనే తిరుగుతున్నారు" అన్నాడు డ్రైవరు.

"ఏం లేదు బాబాయ్."

పన్నెండు రోజులు నోరు విప్పలేదు. నివేదిక మీద నా సంతకం ఉంది. అతని ఆగస్టుకు ఇంకా వ్యవధి ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ పన్నెండు రోజులు గడిపాను. పదమూడో రోజు, ఎందుకో చెప్పకుండా, జీపు కొలకలూరు పోనిమ్మన్నాను.

కంప్యూటరు వాళ్ల అక్క బడి నుంచి అప్పుడే వచ్చింది. నన్ను ఎప్పుడూ చూడకపోయినా జీపును చూసి పోల్చుకుంది.

"రండి కూర్చోండి. మా తమ్ముడు లెక్క తప్పు చేశాడంటగా. వాడికి కూడికలూ తీసివేతలూ నేర్పింది నేనేనండి. అయితే ఆ తప్పు నాదే అవుద్ది. నాకు కూడా మెమో ఇప్పిస్తారా?"

"మీ బావి ఒకసారి చూడాలమ్మా."

"బావి మెమోలో లేదే!" అంటూనే పెరట్లోకి దారి చూపించింది. బొక్కెన దించాను. పైకి లాగుతూ చాంతాడును మూరలు వేశాను. పది. అక్క చేతులు కట్టుకుని చూస్తోంది.

"కాలవొచ్చాక నాలుగేనమ్మా?"

"నాలుగు. ఒక్కో ఏడు మూడున్నర. ఇంటింటికీ తెలిసిన సంగతేగా అన్నయ్యగారూ, దీనికి జీపేసుకుని రావాలా?" అని, మెల్లగా అడిగింది. "వాడి లెక్క నిజంగా తప్పేనాండి?"

"కాదమ్మా."

ఆ ఒక్క మాట పైకి అన్నాక ఇక వెనక్కి పోవడానికి దారి లేకపోయింది. మజ్జిగ ఇస్తే తాగి, తెనాలి పోస్టాఫీసుకు వచ్చి, అక్కడి బల్ల మీదే మా పెద్ద ఆఫీసరుకు ఉత్తరం రాశాను. అంకె అతనిది ఒప్పు, గీత నాది తప్పు, వేసవిలో చూసి కూడా పన్నెండు రోజులు దాచాను అని రాశాను. పోస్టులో వేసి జీపు ఎక్కాను. డ్రైవరు మొదటిసారిగా జీపు కాస్త వేగంగా తోలాడు.

ఆఫీసరు బందరు ఆయన. వారంలో ఫీల్డు పుస్తకంతో సహా తెనాలిలో దిగారు. వరండాలో కుర్చీ వేసుకుని ఆ పేజీ తెరిచారు.

"ఈ గీత ఎవరిది?"

"నాదేనండి."

"కింద అంకె?"

"కంప్యూటరుదండి."

"ఇప్పుడు మీరు ఏది నిజమంటారు?"

"కింద ఉన్నదేనండి."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మీరు ఒకసారి అవునంటారు, ఒకసారి కాదంటారు. మీ మాట మీద ఎవరి ఉద్యోగమూ నిలబెట్టలేనండి" అన్నారు. "కాలవకు ఇంకా నీళ్లు వదల్లేదుగా. అతన్ని పిలిపిస్తాను. ఎక్కడ ఎంత పెరుగుద్దో నీళ్లు రాకముందే సిరాతో రాసి నాకు ఇమ్మనండి. ఆగస్టులో కొలవండి. రాసిందీ వచ్చిందీ కలిస్తే పొడిగింపు. కలవకపోతే నేను కూడా చేసేదేమీ లేదు."

కంప్యూటరు వచ్చాడు. స్టేషన్లో ఏదో చెప్పబోయాను. "నేను ఆ రోజు..." అని మొదలుపెట్టేసరికి, "ఆకలేస్తంది అన్నయ్యా, ముందు టిఫిన్ సంగతి చూడండి" అన్నాడు. ఇడ్లీ తింటూ తన షరతులు చెప్పాడు. పరికరం నేనే చదవాలి, మా శాఖలో నా అంత నిలకడైన కన్ను లేదు. తను రాసిచ్చే అంకెలు నేను చూడకూడదు. చూస్తే ఆ కన్ను దాన్నే వెతుక్కుంటుంది. రోజూ చదివిన పేజీ ఆఫీసరుకు పంపాలి, ఆఖరి రోజు దాకా ఎవరూ లెక్క కట్టకూడదు.

"నా మీద నమ్మకమేనా?" అన్నాను.

"మీ కన్ను మీద ఎప్పుడూ అనుమానం లేదండి" అన్నాడు. మిగతాది అనలేదు.

జూన్‌లో కాలవ వచ్చిన రోజు ఊరంతా గట్టు మీదే ఉంది. మొదటి నీళ్లు నురగతో, ఎండుటాకులతో, ఎవరిదో తెగిన చెప్పుతో మెల్లగా పాక్కుంటూ వచ్చాయి. ఆడవాళ్లు పసుపూ కుంకుమా వేసి దణ్ణం పెట్టారు. నేను ఆగలేక ఆ మధ్యాహ్నమే రాయి మీద చదివి, బాపట్ల వెళ్లి చదివి వచ్చాను. వేసవి లెక్క నాకు కంఠతా వచ్చు. ఎవరూ లెక్క కట్టకూడదన్న షరతు మరిచిపోయి మనసులోనే తీసివేసుకున్నాను. సున్నా! ఒక్క గడి కూడా కదల్లేదు. నా మొహం చూసి కంప్యూటరు పసిగట్టాడు.

"కట్టారుగా లెక్క? కాలవలో పారే నీళ్లు మనకి లెక్కలోకి రావన్నయ్యా. నేలలోకి దిగే నీళ్లు కావాలి. నాట్లు పడాలి. ఇప్పుడే కంగారైతే ఎట్టాగండి?"

ఆ రెండు నెలలూ వేరే పనులు చేసుకుంటూ ఉన్నాం. అతను బంగళా బావి చాంతాడుకు మూరకొక ముడి వేసి, వారం వారం ఎన్నో ముడి దగ్గర నీళ్లు తగులుతున్నాయో రాసేవాడు. ఒక సాయంత్రం కాలవ గట్టు మీద డ్రైవరు అడిగాడు, "ఆకాశంలో తిరిగేవాటికి ఈ నీళ్ల సంగతి తెలుద్దా అండి?" అని.

"ఒక్కదానికి తెలియడం కష్టం బాబాయ్. రెండు కావాలి" అన్నాడు కంప్యూటరు. హైదరాబాదులో నకళ్లు రాసిన నెలల్లో ఆఫీసు లైబ్రరీలో ఒక ఊహ గురించి చదివాడట. రెండు ఉపగ్రహాలను ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి పంపాలని, వాటి మధ్య దూరాన్నే కొలుస్తూ ఉండాలని. మాటలతో చెప్పకుండా రెండు అద్దె సైకిళ్లు తెచ్చాడు. ముందు డ్రైవరు, వెనక తను, ఇద్దరూ ఒకే వేగంతో వంతెన వైపు తొక్కారు. వంతెన దిగే చోట పల్లం రాగానే డ్రైవరు సైకిలు జర్రున ముందుకు పోయింది, మధ్య దూరం పెరిగింది. పల్లం దాటి డ్రైవరు నెమ్మదించే వేళకు వెనక సైకిలు పల్లంలోకి వచ్చింది, దూరం తగ్గిపోయింది.

"చూశారా అన్నయ్యా? పల్లాన్ని ఎవరూ చూడక్కర్లా. సైకిళ్ల మధ్య దూరం చూస్తే చాలు, పల్లం ఎక్కడుందో తెలుద్ది. లాగుడు ఎక్కువున్న చోటు కూడా పల్లం లాంటిదే. అదే దారిలో నెల నెలా తిప్పితే, ఈ నెల పల్లం పోయిన నెల కంటే లోతైందో లేదో కూడా తెలుద్ది. అంటే కింద నీళ్లు పెరిగాయో తగ్గాయో!"

"పైనుంచే మా వేమూరు చేలో నీళ్లు చూస్తారా? ఇంక లాకుల దగ్గర కొట్లాటలు ఉండవండి" అన్నాడు డ్రైవరు ఒగరుస్తూ.

"ఒక్క చేను కనపడదు బాబాయ్. దేశాలంత ముక్కలు కనపడతయ్. అది కూడా మన నాలుగు గళ్లు నిజమైతేనే. కింద లేనిది పైనుంచి ఎట్టా కనపడుద్ది?"

అతని ఉద్యోగమే కాదు, అతను నమ్ముకున్నది మొత్తం ఆ నాలుగు గళ్ల మీదే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

ఆగస్టులో చాంతాడు మీద నాలుగో ముడి దగ్గరే నీళ్లు తగిలాయి. కొలతలు మొదలుపెట్టాం. ఆరు రోజులు. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఎన్నడూ చదవలేదు. ప్రతి రాయి మీద పరికరం పెట్టి, మట్టం చూపే బుడగను మధ్యకు తెచ్చి, ఊపిరి బిగబట్టి, ఐదుసార్లు చదివేవాణ్ణి. డ్రైవరు ఆ ఆరు రోజులూ ఎద్దుబండ్లకు కూడా దారి ఇచ్చాడు. వెనక నుంచి బస్సులవాళ్లు తిట్టినా పక్కకు తప్పుకుని నవ్వేవాడు.

ఏడో రోజు పొద్దున ఆఫీసరు వచ్చారు. వరండాలో, ఆ రాయి పక్కనే, బల్ల వేశారు. కంప్యూటరు చేతితో తిప్పే లెక్కల యంత్రం ముందు కూర్చున్నాడు. పేజీలు ఆఫీసరు ఒక్కొక్కటీ ఇస్తున్నారు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. యంత్రం పిడి తిరిగే కరకర తప్ప ఇంకేమీ వినబడలేదు. చంద్రుడూ సూర్యుడూ లాగే లాగుడు తీసేశాడు. డ్రిఫ్టు తీసేశాడు. ఈసారి డ్రిఫ్టు ఎంతో, కానిది ఎంతో, ఒక్కో వరస పైకి చదువుతూ చేశాడు. గంటన్నర పట్టింది. ఆఖరి అంకె రాసి, కలం కింద పెట్టి, కాగితాన్ని ఆఫీసరు వైపు తిప్పాడు.

"తెనాలి, నాలుగు గళ్లు పెరిగిందండి."

ఆఫీసరు తన తోలుసంచి తీసి, జూన్‌లో అతను సిరాతో రాసిచ్చిన కాగితం విప్పారు. మాకు వినబడేలా చదివారు. "తెనాలి, నాలుగు."

డ్రైవరు కేక వేసి చేతిలో గుడ్డ పైకి ఎగరేశాడు. నేను స్తంభాన్ని పట్టుకున్న చెయ్యి వదల్లేదు. 

"ఆగండాగండి. రేపల్లె మూడన్నారు ఇందులో" అన్నారు ఆఫీసరు.

కంప్యూటరు తన కాగితం చూసుకున్నాడు. "రెండే వచ్చిందండి." ఒక్క క్షణం మొహం చిన్నబోయింది. "గోడౌను అరుగు కింద మెరక మట్టి పోశారండి, అక్కడ నీళ్లు తక్కువ పట్టుంటయ్. అది ముందే చూసుకోవాల్సింది. తప్పు నాదే." అని కాగితం అడిగి తీసుకుని, మూడు మీద సన్నగా ఒక గీత గీసి, పైన రెండు వేసి, సంతకం పెట్టాడు.

ఆఫీసరు కుర్చీలోంచి లేచారు. మా శాఖలో పెద్ద ఆఫీసరు కంప్యూటరు ముందు లేచి నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. చెయ్యి చాచి, "రెండూ కలిసుంటే నాకు కాస్త అనుమానం వచ్చేదయ్యా" అన్నారు. "గోడ మీది పటం కదలని బొమ్మ అనుకున్నాం ఇన్నాళ్లూ. అది ఊపిరి తీసుకుంటోందన్నమాట. నీ రెండు సైకిళ్ల సంగతి డ్రైవరు చెప్పాడు. అవి ఎగిరే రోజున ఎవరైనా నీళ్లకి బరువేంటని అడిగితే, తెనాలి రాయి చూపించు."

ఆ రోజు డ్రైవరు తెచ్చిన టిఫిన్ ఎంత తిన్నామో గుర్తు లేదు. "ఈ పెసరట్టు కాలవొచ్చాక బరువెక్కిందండి, బాపట్ల తీసుకెళ్లి తిందామా?" అని అతను అనడం, కంప్యూటరు నవ్వి నవ్వి పొలమారడం మాత్రం గుర్తుంది. సాయంత్రం నలుగురం జీపులో కొలకలూరు వెళ్లాం. ఆఫీసరే స్వయంగా అక్కతో, "మీరు నేర్పిన తీసివేతలు సరిగ్గానే ఉన్నాయమ్మా" అన్నారు. ఆవిడ తమ్ముడి నెత్తి మీద ఒక్కటి మొట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అతనికి పొడిగింపు వచ్చింది. రెండేళ్లకు పక్కా ఉద్యోగం, ఆ తర్వాత ఉపగ్రహాల దారులు లెక్కగట్టే విభాగంలో పెద్ద పని.

కథ ఇక్కడ ఆపితే నాకూ బాగుంటుంది. అయితే ఇంకొక ముక్క ఉంది. నివేదిక రాసే సమయానికి ఆఫీసరుకు బదిలీ అయింది. "పేర్ల సంగతి మీరు చూసుకోండి" అని వెళ్లిపోయారు. కంప్యూటర్ల పేర్లు అట్ట మీద వేసే ఆనవాయితీ మా శాఖలో లేదు. వేయకూడదన్న నియమం కూడా లేదు. అట్ట మీద నా పేరు వేసుకున్నాను. అతని పేరు ఆఖరి పేజీలో, సహాయం చేసినవాళ్ల వరసలో, డ్రైవరు పేరు పక్కన పడింది. గీత సంగతి, నా పన్నెండు రోజుల సంగతి అందులో లేవు. అచ్చయిన కాపీ ఇస్తే తిరగేసి, "కాగితం మంచిది వాడారన్నయ్యా" అన్నాడు.

సభ అయిపోయాక అతని దగ్గరకెళ్లి శాలువా చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. "ఈ ఎండల్లో నాకెందుకండి, ఉక్కపోత" అన్నాడు. జరిగింది జరిగినట్టు రాస్తానన్నాను. తన పేరు రాయనని నా చేత మాట తీసుకుని, "రాయండి. సైకిళ్ల సంగతి మాత్రం వదలొద్దు. పిల్లలకి అదే ముఖ్యం" అన్నాడు. ఆ రెండు ఉపగ్రహాలు ఇంకా ఎగరలేదు. ఎగురుతాయని అతనికి అనుమానం లేదు, ఇప్పుడు నాకూ లేదు. అవి డెల్టా మీదుగా పోయే రోజున, కాలవలొచ్చిన నెలలో వాటి మధ్య దూరం వెంట్రుకంత మారితే, ఆ మార్పును డ్రిఫ్టని తీసిపారేయకండి.

ఆ నివేదిక కాపీ ఒకటి నా దగ్గరుంది. ఈ పొద్దున దాన్ని బల్ల మీద పెట్టుకుని, మంచి కన్నుతో చూసుకుంటూ, అట్ట మీది నా పేరుకు అడ్డంగా సిరాతో ఒక గీత గీశాను. పైన అతని పేరు రాశాను. తన పేరు రాయొద్దని మాట తీసుకున్నది ఈ రాత గురించి మాత్రమే, ఆ అట్ట సంగతి అతను అడగలేదు. పక్కన సంతకం పెట్టాను. రేపు తీసుకెళ్లి ఆఫీసు లైబ్రరీలో ఇచ్చి వస్తాను.

గీత సన్నగానే గీశాను. కింద నా పేరు కనబడుతుంది.